చిన్న కారునకు టైర్లు సంపాదించుట

బండిచక్రమునకు ఇనుప పట్టా తొడుగుట మీలో పెద్దవారందఱును చూచియే యుందురు. కమ్మరి మొదట చక్రపు చుట్టుకొలత తీసికొని, పట్టాను దానికంటె కొంచెము తక్కువగా నుండునట్లు అతికెడివాడు. తరువాత పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చి, వేడికి సాగిన పట్టాను చక్రముమీదికి దించి నీళ్లు పోసెడివాడు. చల్లారి ముడుచుకొన్న పట్టా చక్రపు ముక్కలన్నిటిని బిగించి పట్టుకొనెడిది. ఆ పట్టా ఆ చక్రమునకే గాని ప్రక్కయింటివారి బండికి పనికివచ్చునది కాదు. పనికిరావలెనని ఎవరును కోరలేదు కూడ. చక్రమును బట్టి పట్టా పుట్టుచుండెను. పట్టా కొఱకు ఊరూరు తిరుగవలసిన యక్కఱ లేకుండెను.

మోటారుబండి వచ్చిన తరువాత ఈ వ్యవహారము తలక్రిందులైనది. టైరు ఒకచోట పుట్టును, చక్రము మఱియొకచోట పుట్టును. రెండును అతుకవలెనన్న కొలత ముందే నిర్ణయమై యుండవలెను. ఆ కొలత పదిమంది వాడునదైనచో ఏ యూర నడిగినను దొరకును. పదిమంది వాడనిదైనచో ఏమగునో నాకు 2023వ సంవత్సరము వైశాఖమాసమున తెలిసివచ్చినది. ఆ సంగతియే నేడు మీకు విన్నవించుచున్నాను. ఇప్పుడు మన పల్లెలలో చావిడి ప్రక్క చిన్నకారు నిలిచియున్న యిండ్లు చాలగా నున్నవి గనుక, ఇది మీకు కొంత పనికివచ్చునని తలచెదను.

మాది దివిసీమలో కోడూరు ప్రక్క గ్రామము. మాకు నానో కారు కలదు. టాటావారు దీనిని 2008 జనవరిలో ఢిల్లీ ప్రదర్శనమున చూపిరి. 2009లో జనులకు అందినది. లక్షరూపాయల కారని పేరుపొందినది. మొదట వంగదేశములోని సింగూరున తయారు చేయదలచి, అక్కడ భూముల తగవు వచ్చుటచే గుజరాతులోని సానందునకు తరలించిరి. 2018 తరువాత దాని తయారీ నిలిచిపోయినది. మా అమ్మగారికి ఎనుబది యేండ్లు దాటినవి, మోకాళ్లు వంగవు. నెలకు రెండుమాఱులు ఆమెను బందరులోని వైద్యునివద్దకు తీసికొనిపోవలెను. ఈ కారు చిన్నదైనను సీటు ఎత్తుగా నుండుటచే ఆమె తానై యెక్కి తానై దిగగలదు. పెద్దకార్లలో ఆమెను ఇద్దఱు పట్టి దింపవలసివచ్చినది. అందుచేత, దీని నమ్మివేయుమని పిల్లలు ఎన్నిమాఱులు చెప్పినను నేను వినలేదు.

ఆ వైశాఖమున ఒకనాటి మధ్యాహ్నము బందరునుండి తిరిగి వచ్చుచుంటిమి. అవనిగడ్డ దాటి కోడూరు దారిని కొంతదూరము పోయిన తరువాత వెనుక ఎడమటైరు తుపాకి ప్రేలినట్లు ప్రేలినది. కారు ఒకప్రక్కకు ఈడ్చుకొనిపోయి, కాలువగట్టు అంచున ఒక తుమ్మచెట్టుకు మూరెడు దూరములో ఆగినది. అమ్మగారు వెనుక సీటున కూర్చుండి "ఏమైందిరా?" అని మాత్రమడిగెను. కాలువలో అప్పుడు నీరు లేదు. ఉన్నను లేకున్నను అడుగు లోతేమి తక్కువ గాదు.

తప్పు నాదే. ఆ టైరు బిళ్లలు అరుగలేదు. అందుచే అది మంచిదని నేను నమ్మియుంటిని. ఇంటికి వచ్చి అద్దములు పెట్టుకొని దాని ప్రక్కగోడను చదివితిని. అక్కడ డి.ఓ.టి. అను అక్షరముల వరుస చివర, కోడిగ్రుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలు కలవు: 3213. మొదటి రెండంకెలు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. అనగా అది 2013వ సంవత్సరమున 32వ వారములో పుట్టిన టైరు. దాదాపు పదియేండ్లది. ప్రక్కగోడ నిండ వెండ్రుకవంటి చీలికలు. రెండునెలలుగా గాలి చూపించనూ లేదు. గాలి తక్కువైన టైరు చక్రము తిరిగినప్పుడెల్ల ఎక్కువగా నలిగి వేడెక్కును. ముసలిరబ్బరు ఆ వేడికి ఓర్వలేదు.

రబ్బరు ముసలిదగుట యేమని మీరడుగవచ్చును. పచ్చి రబ్బరు ఎండకు జిగురై చలికి పెళుసై పోవును. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్ఇయర్ అను నతడు దానిని గంధకముతో కలిపి కాల్చినచో గట్టిపడి సాగుగుణము నిలుచునని కనిపెట్టెను. నేటి టైర్లన్నియు ఆ మార్గముననే తయారగుచున్నవి. అయినను గాలిలోని ప్రాణవాయువు, ఓజోను, ఎండ ఈ మూడును రబ్బరును మెల్లమెల్లగా తినివేయుచునే యుండును. దానికి విరుగుడుగా ఒకవిధమైన మైనమును రబ్బరులో కలుపుదురు. టైరు దొరలుచు నలుగుచున్నప్పుడు ఆ మైనము పైకి వచ్చి పూతవలె కాపాడును. ఇందులో ఒక చిత్రము కలదు. రోజును తిరుగు కారుటైరు బిళ్లలు అరిగి పోవును. నెలకు రెండుమాఱులు తిరుగు కారుటైరు బిళ్లలు నిలిచి, గోడలు పగులును. మన పల్లెకార్లు ఈ రెండవజాతివి. తయారుచేయువారు సాధారణముగ చెప్పునది, అయిదేండ్లు దాటిన టైరును ఏటేట పరీక్ష చేయింపుమనియు, పదియేండ్లకు మించి ఎట్టి స్థితిలోను ఉంచవద్దనియు. మన దేశపు చట్టము కార్లకు బిళ్లలలోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని చెప్పినది. ఆ గుర్తు బిళ్లల సందులలోనే చిన్న గట్టువలె నుండును. బిళ్ల అరిగి గట్టుతో సమమైనచో టైరు తీసివేయవలెను. నేను ఆ గట్టునే చూచుకొనుచు, ఆ నాలుగంకెలను చూడనైతిని.

ఆనాడు ముందుమూత క్రిందనున్న అదనపు చక్రమును వేసికొని మెల్లగా ఇల్లు చేరితిమి. దాని కథ తరువాత చెప్పెదను. మఱునాటినుండి టైరు వేట మొదలైనది.

ముందుగా కొలత సంగతి కొంచెము వినుడు. ప్రేలిన వెనుకటైరుపై 155/65 ఆర్ 12 అని యుండెను. 155 అనగా టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అనగా ప్రక్కగోడ ఎత్తు, ఆ వెడల్పులో నూటికి 65 వంతులు. ఆర్ అనగా లోపలి దారములు అడ్డముగా, ఇరుసునుండి ఆకులు పోయినట్లు అల్లిన రేడియల్ టైరు. 12 అనగా లోపలి ఇనుపచక్రపు వ్యాసము, అంగుళములలో. ఒకే కొలతలో మిల్లీమీటర్లును, అంగుళములును, నూటికిన్ని వంతులును కలగలిపి వ్రాసిన పుణ్యాత్ములెవరో గాని, ఎకరములు సెంట్లు కట్టినవారికి ఇది కష్టమైన లెక్క గాదు. 155లో 65 వంతులు 100.75; అది పైన క్రింద రెండువైపుల గనుక 201.5; పండ్రెండు అంగుళములు 304.8 మిల్లీమీటర్లు, వెరసి టైరు ఎత్తు 506 మిల్లీమీటర్లకు కొంచెము పైన.

ముందుచక్రములకో 135/70 ఆర్ 12. అదే లెక్క కట్టినచో 494 మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ. ఈ కారున యంత్రము వెనుకనుండుటచే బరువు వెనుకకు ఎక్కువ, అందుచే వెనుక టైర్లు వెడల్పు. కావున ముందుదానిని వెనుకకును వెనుకదానిని ముందుకును మార్చి అరుగుదల సరిచేసికొను ఉపాయము కూడ ఇక్కడ సాగదు. పైగా దీని చక్రము మూడు నట్లతో బిగియును. తక్కిన కార్లకు నాలుగో అయిదో యుండును గనుక, వేఱొక కారుచక్రమును టైరుతో సహా తెచ్చి తగిలించుటకును వీలులేదు.

ఒక కాగితముపై ఈ కొలతలు వ్రాసికొని మొదట బందరు పోయితిని. కోనేరు సెంటరుకు దగ్గఱలోనున్న ఒక దుకాణములో కుఱ్ఱవాడు కాగితము చూచి, "మాస్టారూ, ఈ సైజు మేము తెప్పించి రెండేళ్ళయిందండి. ఎవరూ అడగరు" అని నిజము చెప్పెను. తరువాత 145/70 ఆర్ 12 ఒకటి చూపి, "పాత మారుతీ ఎనిమిది వందల కారుది. ఎత్తు సరిపోతుంది, వేసుకోండి" అనెను. లెక్క కట్టితిని. ఎత్తు 508 మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ. వెనుకటైరుకు దీనికి భేదము ఒకటిన్నర మిల్లీమీటరు. అతడు చెప్పినది అబద్ధము గాదు. నాకును ఆశ పుట్టినది.

అయితే కొలత ప్రక్కనే మఱియొక అంకె యుండును. దానిని ఎవరును చూడరు. అది ఆ టైరు మోయగల బరువునకు గుర్తు. నా వెనుకటైరుపై 71 అని యుండెను. పట్టికలో దానికి 345 కిలోలు. దుకాణములోని టైరుపై 69. దానికి 325 కిలోలు. ముందుటైరు 65, దానికి 290 కిలోలు. ఒక్కొక్క టైరుకు ఇరువది కిలోలు తక్కువ, అదియు యంత్రమున్న వైపున, సీటుపై మనుష్యులు కూర్చుండు వైపున. ఎత్తు కలిసినదిగాని మోపు కలియలేదు. ఎద్దుల జతలో ఎత్తు మాత్రము చూచి కొనువాడు మనలో ఉండునా? కుఱ్ఱవానితో ఆ మాట చెప్పగా అతడు ఆ రెండంకెలను తన సెల్లుఫోనులో వెదకి చూచి, "నిజమేనండి" అని టైరును మరల వరుసలో పెట్టివేసెను. మంచి పిల్లవాడు.

మఱియొకనాడు చల్లపల్లి, కూచిపూడి, పామఱ్ఱు మీదుగా బస్సులో గుడివాడ పోయితిని. ఆ ప్రాంతమున ట్రాక్టరు టైర్లు, లారీ టైర్లు కావలసినన్ని. ఒకచోట నా యీడువాడైన యజమాని, "అన్నగారూ, పన్నెండంగుళాల రిమ్మే గదా! ఇది పట్టేస్తుంది" అని 145/80 ఆర్ 12 తీసి ముందఱ పెట్టెను. ఇది పాత ఆల్టో కార్లకు వచ్చిన కొలత. అందుచే ఎక్కడనైనను దొరకును. చక్రముమీద పట్టుటకు పట్టును. కాని ఎత్తు 537 మిల్లీమీటర్లగును. వెనుకదానికంటె ముప్పది మిల్లీమీటర్లు, అనగా నూటికి ఆఱు వంతులు ఎక్కువ. చక్రపు చుట్లను లెక్కించు మీటరు, అట్టి టైరు వేసినచో, 60 చూపునప్పుడు కారు 63 దాటి పరుగెత్తుచుండును. బరువుతో గుంటలోనికి దిగినప్పుడు టైరు పైరేకునకు ఒరసికొనవచ్చును. ముందుచక్రములకు వేసినచో భేదము 43 మిల్లీమీటర్లు. మలుపులో స్టీరింగు పూర్తిగా త్రిప్పినప్పుడు లోపల తగిలినచో ఏమగునో చెప్పనక్కఱలేదు. ఆయన పాపము సాయము చేయవలెననియే చెప్పెను గాని, "పట్టుట" వేఱు, "సరిపోవుట" వేఱు.

ఒక సైకిలుషాపువాడు అరిగిన టైరుకు కొత్తగా కోతలు పెట్టి యిచ్చుచోటు తనకు తెలియునని చెప్పెను. లారీ టైర్లకు పైపొర వేయుట ఒక పద్ధతిగల పరిశ్రమ. దానిని నేను నిందింపను. ఉన్న పలుచనిరబ్బరునే గాటుపెట్టి లోతు చూపించుట మాత్రము కన్ను మూయించుటయే. దానిగూర్చి ఇంక చెప్పను.

మూడవమాఱు విజయవాడ ఆటోనగరు. అక్కడ దొరకని మోటారు సామాను అరుదు. మూడు దుకాణములు తిరుగగా నాలుగవదానిలో 155/65 ఆర్ 12 రెండు కనబడినవి. నాకు ప్రాణము లేచివచ్చినది. "కొత్తవేనండి, ఒక్కరోజు కూడా రోడ్డెక్కలేదు" అని అమ్మువాడు చెప్పెను. టైరును వెనుకకు త్రిప్పి చూపుమంటిని. తేదీ అంకెలు ఒక్కొక్కప్పుడు ఒకవైపు గోడమీదనే పూర్తిగా నుండును. 1117. ఆఱేండ్లుగా అటకమీద నున్న టైర్లు. చీకటిలో చల్లగా నిలువచేసిన టైరు ఎండలో నిలిచిన కారుటైరువలె చెడదు. ఆ మాట నిజమే. ఆ దుకాణపు అటక పైన రేకులకప్పు, ప్రక్కన గాలిపంపు మోటారు. మోటారు మెఱపులవలన ఓజోను పుట్టును, అది రబ్బరునకు శత్రువు. కొని ఇంటికి తెచ్చినను నా వాడుకకు నాలుగేండ్లకు మించి రావు. ధరలో ఒక్కరూపాయి తగ్గింపనిరి. వలదంటిని. బయటికి వచ్చినప్పుడు, వెనుకకు పోయి కొందునా యని రెండుమాఱులు ఆగితినని ఒప్పుకొనుచున్నాను. ఎల్లుండియే అమ్మగారిని బందరు తీసికొనిపోవలసిన దినము. ఆ యాత్రకు చివరకు ఆటోను కుదుర్చుకొంటిమి. ఆమె ఆ కుదుపులకు రెండురోజులు మంచము దిగలేదు.

ఎందుకు దొరకవు? దుకాణదారుల లోపమని నేను మొదట తలచితిని. కాదు. టైరు తయారగునప్పుడు పచ్చిరబ్బరు, దారములు, ఇనుపతీగలు చుట్టిన ముద్దను ఒక ఉక్కు అచ్చులో పెట్టి వేడిమితో ఒత్తిడితో ఉడికింతురు. ప్రతి కొలతకును ప్రత్యేకమైన అచ్చు. మన పెడనలో, బందరులో కలంకారీ అద్దకమువారి అచ్చులను చూచినవారికి ఇది తేటగా తెలియును. ఒక్కొక్క పువ్వునకు ఒక్కొక్క టేకుకొయ్య అచ్చు. ఆ పువ్వును ఎవరును అడుగనప్పుడు అచ్చు అటకెక్కును. పదిమంది అడిగినప్పుడు దించి, దుమ్ము తుడిచి ఒక విడత అద్దుదురు. టైర్ల ఫ్యాక్టరీలోను అట్లే. అరుదైన కొలతను అడపాదడపా ఒక విడత చేసి, పెద్ద గిడ్డంగులకు పంపుదురు. చిల్లర దుకాణదారుడు వానిని తెచ్చి పెట్టుకొన్నచో పెట్టుబడి నిలిచిపోవును, సరకు ముసలిదగును. పూర్వము అంబాసిడరు కారుకు 5.90-15, పద్మినికి 5.20-14 అని అంగుళములలో లెక్కించు టైర్లుండెడివి. అప్పుడు అవి లేని దుకాణము లేదు. ఆ కార్లు పోయినవి. అంబాసిడరు తయారీ 2014లో ఆగినది. నేడు ముచ్చటకు వానిని ఉంచుకొన్నవారు నావలెనే కాగితము పట్టుకొని తిరుగుచున్నారు.

దుకాణములో వెదకుటకు బదులు, దుకాణముచేత తెప్పించుకొనవలెనని నాకు ఆలస్యముగ తోచినది. విజయవాడలోనే ఒక కంపెనీ టైర్లను అధికారముతో అమ్మువారివద్దకు పోయి, కొలత, బరువు అంకెతోకూడ వ్రాసియిచ్చితిని. "గిడ్డంగిలో ఉన్నదో లేదో చూచి చెప్పుదుము" అని, మఱునాడు ఫోనుచేసి, సగము పైకము ముందుగా నడిగిరి. నేను రెండు షరతులు చెప్పితిని: తయారైన తేదీ ఏడాది దాటరాదు, టైరు గోడమీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండవలెను. ఆ షరతులను రసీదు మీదనే వ్రాయించుకొంటిని. పందొమ్మిది దినములకు టైర్లు ఆర్టీసీ పార్సిలులో అవనిగడ్డ బస్సుస్టాండునకు వచ్చినవి. అంకెలు చూచితిని: 1423. రెండునెలల పసిటైర్లు.

వెనుకకు రెండును ఒకేమాఱు మార్చితిని. ఇరుసునకు ఒకవైపు కొత్తది ఒకవైపు అరిగినది ఉండరాదు. ఏలయన వెనుకచక్రములు రెండును యంత్రబలముతో తిరుగునవి, వాని నడుమ డిఫరెన్షియల్ అను పళ్లచక్రపు కూర్పు కలదు. మలుపులో బయటిచక్రము ఎక్కువ దూరము, లోపలిది తక్కువ దూరము పోవలెను గనుక, ఆ భేదమును సర్దుట దాని పని. రెండు టైర్ల ఎత్తు వేఱైనచో తిన్ననిదారిలోకూడ అది విశ్రాంతి లేక సర్దుచునే యుండవలెను. అదనపు చక్రము వేసికొని ఆనాడు మెల్లగా వచ్చుటకు కారణమిదియే. అది ముందుకొలత చక్రము, వెనుకదానికంటె పండ్రెండున్నర మిల్లీమీటర్లు పొట్టి.

టైర్లు వేయించుటకు మరల బందరులోని ఆ కుఱ్ఱవానివద్దకే పోయితిని. చక్రపు తూకము సరిచూచు యంత్రము అతనివద్ద కలదు. పాతటైరు ఊడదీయగా ఇనుపచక్రపు అంచున త్రుప్పు పొలుసులుగా రాలినది. మనది ఉప్పుగాలి. ట్యూబులేని టైరు ఆ అంచుకు అంటుకొనియే గాలి నిలుపును. అంచు త్రుప్పుపట్టినచో ఎంత కొత్త టైరైనను రాత్రికిరాత్రి గాలి జారును. రెండునెలలకొకమాఱు నాకు గాలి తగ్గుచుండుటకు మూలమదియేనని అప్పుడు తెలిసినది. అతడు అంచును గీకి, రంగుపూసి, ఆఱిన తరువాత కొత్త రబ్బరువాల్వులు బిగించి టైర్లెక్కించెను. వాల్వు ధర స్వల్పము. పాతదానినే ఉంచుమని అడుగువారు కలరట.

ఇక అదనపు చక్రపు సంగతి. మూతక్రిందనుండి తీసినప్పుడు దాని నిగనిగ చూచి, ఒక్కనాడును నేల తాకని టైరని సంతోషించితిని. ఇంటికి వచ్చి చదువగా 3013. ప్రేలినదానికంటె రెండువారములు పెద్దది! మమ్ములను ఇల్లు చేర్చిన ఆ చక్రమును నేను అసలు లెక్కలోనికే తీసికొనలేదు. అందుచే ఆ ఆర్డరులోనే 135/70 ఒకటి చేర్చి తెప్పించితిని. ముందుటైర్లు రెండును 2019లో మార్చినవి. వాని అంకెలు 4119. అప్పుడు అవి బందరులోనే అడిగిన నాడే దొరకినవి. వానికి అయిదేండ్లు నిండునాటికి ముందుగానే ఆర్డరు పెట్టవలెనని పంచాంగపు అట్టమీద వ్రాసి, కొలతలును బరువు అంకెలును దాని క్రిందనే వ్రాసియుంచితిని. ముందే కొని కొట్టములో దాచుకొందునా యని మా అబ్బాయి అడిగెను గాని, కొట్టములో మోటారుపంపును ఎరువుబస్తాలును ఉన్నవి. టైరు వయస్సు అక్కడకూడ ఆగదు.

ప్రేలకుండ మిగిలిన పాత వెనుకటైరును నాగాయలంకలో పడవ నడుపు ఒకడు అడిగి తీసికొని, రేవుగట్టు ఒరసికొనకుండ పడవ ప్రక్కకు కట్టుకొనెను.